అదే 10 గిగాబిట్లకు పరిశోధన, విద్యా ఫైబర్ నెట్‌వర్క్‌లో చేరడం దేనికి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ విశ్వవిద్యాలయానికి ఇప్పటికే ఒక కంపెనీ ఇచ్చిన, సెకనుకు 10 గిగాబిట్ల ఇంటర్నెట్ లింక్ ఉంది. ఇప్పుడు పరిశోధన, విద్యా సంస్థల కోసమే నడిచే ఆప్టికల్ ఫైబర్ నెట్‌వర్క్‌లో చేరమని ప్రతిపాదన వచ్చింది. అక్కడా మొదట ఇచ్చేది 10 గిగాబిట్లే. వేగం అంతే అయినప్పుడు రెండో లింక్ దేనికి, ఆ నెట్‌వర్క్‌లో నిజంగా వేరుగా ఉండే లక్షణాలు ఏమిటి అని అడిగారు.

నేను పద్దెనిమిదేళ్లుగా ఈ పనిలోనే ఉన్నాను. మొదట్లో ఫైబర్ స్ప్లైసింగ్ (ఫైబర్ పోగులను అతికించడం), ఆ తర్వాత రౌటర్లు (డేటాకు దారి చూపే పరికరాలు). ఇప్పుడు శాస్త్రవేత్తల డేటా ఒక చోటి నుంచి ఇంకో చోటికి సరిగ్గా చేరేలా చూడడమే నా ఉద్యోగం.

సూటిగా చెప్తాను. దూరంలో ఉన్న సంస్థలతో పెద్ద డేటా ఇచ్చిపుచ్చుకునే విభాగం మీ దగ్గర ఒక్కటి ఉన్నా చేరండి. మామూలు ఇంటర్నెట్ లింక్‌ను వేలమంది చిన్న చిన్న పనులు పంచుకోవడానికి కడతారు. పరిశోధన నెట్‌వర్క్‌ను ఒక యంత్రం నుంచి వేల కిలోమీటర్ల అవతలి ఇంకో యంత్రానికి టెరాబైట్ల డేటా ఒకే ధారగా, దారిలో ఒక్క ప్యాకెట్ (డేటాను విడగొట్టి పంపే చిన్న ముక్క) కూడా పోకుండా వెళ్లాలని కడతారు. రెండింటి మీదా 10 అనే అంకె రాసి ఉన్నా, మీ శాస్త్రవేత్త చేతికి అందే వేగంలో వందల రెట్ల తేడా రావచ్చు. వినడానికి ఎక్కువ చేసి చెప్పినట్టు అనిపిస్తుంది కాబట్టి లెక్కతో చూపిస్తాను.

ఇంటర్నెట్‌లో డేటా ఎక్కువగా టీసీపీ అనే పద్ధతిలో వెళ్తుంది. దారిలో ఒక ప్యాకెట్ పోయిందంటే ముందు రద్దీ ఉందని అనుకుని, పంపే యంత్రం తన వేగాన్ని తగ్గించుకుంటుంది. తర్వాత నెమ్మదిగా పెంచుకుంటూ వస్తుంది. ఆ పెంచడం ఎంత త్వరగా జరుగుతుందనేది అవతలి నుంచి జవాబు వచ్చే సమయం మీద ఆధారపడుతుంది. గాజులో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. అంటే 100 కిలోమీటర్ల దూరానికి వెళ్లి రావడానికి 1 మిల్లీసెకను, 10,000 కిలోమీటర్లకైతే 100 మిల్లీసెకన్లు. ఎన్ని కోట్లు ఖర్చుపెట్టినా ఈ సమయం తగ్గదు.

ఇప్పుడు లక్ష ప్యాకెట్లకు ఒక్కటి పోతోందనుకోండి. 1997లో నెట్‌వర్క్ పరిశోధకుడు మాథిస్, ఆయన సహచరులు ఇచ్చిన సూత్రం ప్రకారం, 1460 బైట్ల ప్యాకెట్లతో, 1 మిల్లీసెకను దూరంలో ఉన్న చోటికి ఒక ధార వేగం సుమారు 3.7 గిగాబిట్లు. అదే నష్టంతో 100 మిల్లీసెకన్ల దూరానికి సుమారు 37 మెగాబిట్లు! లింక్ అదే, నష్టం అదే, మారింది దూరం ఒక్కటే. 10 టెరాబైట్ల డేటాను నిండు 10 గిగాబిట్ల వేగంతో పంపితే 2 గంటల 13 నిమిషాలు పడుతుంది. 37 మెగాబిట్లతో 25 రోజులు. అప్పుడు మీ శాస్త్రవేత్త నెట్‌వర్క్ మీద ఆశ వదిలేసి హార్డ్ డిస్కులు కొరియర్‌లో పంపడం మొదలుపెడతాడు. ఇది నేను చాలాసార్లు చూశాను.

ఆ సూత్రం పాత టీసీపీకి వర్తించేది. ఇప్పుడు లైనక్స్‌లో మామూలుగా ఉండే క్యూబిక్, గూగుల్ తెచ్చిన బీబీఆర్ లాంటి కొత్త టీసీపీ రకాలు నష్టాన్ని ఇంతకంటే బాగా తట్టుకుంటాయి. 9000 బైట్ల పెద్ద ప్యాకెట్లు వాడితే కూడా అదే సూత్రంలో ఆరు రెట్లు లాభం. కానీ ఇవి నొప్పి తగ్గించే మందులే. జబ్బు ప్యాకెట్ నష్టం. దాన్ని సున్నాకు దగ్గరగా ఉంచడమే ఈ నెట్‌వర్క్‌ల మొదటి లక్షణమని నేను గట్టిగా నమ్ముతాను. మిగతా లక్షణాలన్నీ దాదాపు దాని కోసమే.

అమెరికా ఇంధన శాఖ ప్రయోగశాలలను కలిపే ఈఎస్‌నెట్ వాళ్లు ప్రచురించిన ఒక ఉదాహరణ ఇక్కడ చెప్పుకోవాలి. ఒక రౌటర్‌లోని 10 గిగాబిట్ల కార్డు చెడిపోతూ, 22,000 ప్యాకెట్లకు ఒక్కటి చొప్పున పారేస్తోంది. ఆ రౌటర్ తన లోపలి పరీక్షల్లో అంతా బాగానే ఉందని చూపించింది. దగ్గరి చోట్లకు వెళ్లే డేటాలో తేడా తెలియలేదు, దూరపు బదిలీలు మాత్రం కుప్పకూలాయి. ఒక మామూలు కంపెనీ నెట్‌వర్క్‌లో అయితే ఆ కార్డు ఏళ్లతరబడి అలాగే ఉండిపోయేది. ఫిర్యాదు చేసేవాళ్లు ఎవరు? వెబ్ పేజీలు తెరుచుకుంటున్నాయి, వీడియోలు ఆడుతున్నాయి.

రెండో లక్షణం, కావాలని ఖాళీగా ఉంచే సామర్థ్యం. వాణిజ్య నెట్‌వర్క్‌లో లింక్ బాగా నిండితేనే పెట్టుబడికి గిట్టుబాటు. అందులో తప్పేం లేదు, అది వాళ్ల వ్యాపారం. పరిశోధన నెట్‌వర్క్ నడిపేవాళ్లు మాత్రం సగం కూడా నిండకముందే కొత్త సామర్థ్యం గురించి ఆలోచిస్తారు. ఐదు నిమిషాల సగటు గ్రాఫ్‌లో 30 శాతమే కనిపిస్తున్న లింక్ కూడా ఒక్కోసారి ఒక మిల్లీసెకను పాటు పూర్తిగా నిండిపోతుంది. ఆ క్షణంలో స్విచ్ బఫర్, అంటే ప్యాకెట్లు కాసేపు ఆగే చోటు, చిన్నదైతే ప్యాకెట్లు పోతాయి. సగటు గ్రాఫ్ చూసి "ఇంకా 70 శాతం ఖాళీ ఉంది కదా" అనే పాలకమండలి సభ్యులకు ఈ సంగతి వివరించడం నాకు ప్రతి ఏడూ ఉండే పని. మీకూ తప్పదు, ఇప్పుడే సిద్ధంగా ఉండండి.

ఇక గాజు సంగతి. నాకు చాలా ఇష్టమైన భాగం కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

ఇలాంటి పెద్ద నెట్‌వర్క్‌లు వీలైన చోటల్లా డార్క్ ఫైబర్ తీసుకుంటాయి. అంటే వెలుగు లేని వట్టి ఫైబర్ జతను 15, 20 ఏళ్ల వాడుక హక్కుతో తీసుకుని, రెండు చివర్లా పరికరాలు సొంతంగా పెట్టుకోవడం. దీనివల్ల సామర్థ్యం పెంచాలంటే భూమి తవ్వక్కర్లేదు, ఎవరినీ కొత్త లింక్ అడగక్కర్లేదు. చివర్లలో పరికరం మారిస్తే చాలు.

1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర మంచి ఫైబర్‌లో నష్టం కిలోమీటరుకు 0.2 డెసిబెల్స్. 80 కిలోమీటర్లు వెళ్లేసరికి 16 డెసిబెల్స్, అంటే పంపిన కాంతిలో నలభయ్యో వంతు మిగులుతుంది. అక్కడ ఎర్బియం కలిపిన ఫైబర్‌తో చేసిన యాంప్లిఫయర్ పెడతారు. 1987లో వచ్చిన ఈ పరికరం కాంతిని కరెంటుగా మార్చకుండా, కాంతిగానే బలపరుస్తుంది. అన్ని తరంగదైర్ఘ్యాలనూ ఒకేసారి బలపరుస్తుంది కాబట్టే ఒక ఫైబర్‌లో పదుల కొద్దీ రంగులు పంపే డీడబ్ల్యూడీఎం పద్ధతి ఆచరణలో నిలబడింది. ఈ 1550 చుట్టూ ఉండే సి బ్యాండ్ అనే పట్టీలో 50 గిగాహెర్ట్‌జ్ ఎడంతో 96 ఛానెళ్లు, అంటే 96 రంగులు, పడతాయి. ఒక్కో దానిలో 100 గిగాబిట్లు వేసుకుంటే ఒక ఫైబర్ జతలో 9.6 టెరాబిట్లు. ఛానెల్ వెడల్పు మార్చుకోగల ఇప్పటి ఫ్లెక్స్ గ్రిడ్ పరికరాలతో 75 గిగాహెర్ట్‌జ్ చొప్పున 64 ఛానెళ్లు, ఒక్కో దానిలో 400 గిగాబిట్లు పెడితే 25.6 టెరాబిట్లు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఒక్కో సంకేతంలో ఎక్కువ బిట్లు కుక్కే కొద్దీ అది వెళ్లగలిగే దూరం తగ్గుతుంది. 400 గిగాబిట్ల ఛానెల్ అనగానే అది ఏ దూరానికైనా వెళ్తుందనుకోకండి. 400జెడ్ఆర్ అనే చవకైన ప్రామాణిక మాడ్యూల్ 120 కిలోమీటర్ల వరకు ఉద్దేశించినది. వేల కిలోమీటర్లకు వేరే తరగతి పరికరాలు కావాలి. మీకు వచ్చిన ప్రతిపాదనలో "భవిష్యత్తులో 400కి పెంచుకోవచ్చు" అని ఉంటే, ఏ దూరానికి, ఏ మాడ్యూల్‌తో అని తప్పకుండా అడగండి.

పాత ఫైబర్ ఉందని కంగారు పడాల్సిన పని మాత్రం లేదు. ఒకప్పుడు డిస్పర్షన్‌ను, అంటే దూరం వెళ్లే కొద్దీ కాంతి పల్స్ సాగిపోవడాన్ని, సరిదిద్దడానికి దారి పొడవునా ఫైబర్ చుట్టలు పెట్టేవాళ్లం. కాంతి తరంగాన్ని పూర్తిగా చదివే కోహెరెంట్ రిసీవర్లు వచ్చాక ఆ పనంతా చివర్లో చిప్ చేస్తోంది. కొన్నిచోట్ల ఆ చుట్టలు మేమే తీసేశాం, అదే గాజు మీద సంకేతం ఇంకా శుభ్రంగా వచ్చింది. పదిహేనేళ్ల కిందట 10 గిగాబిట్ల కోసం అమర్చిన దారిలో 100 గిగాబిట్లు నిలబడ్డ రోజు మా బృందానికి పండగే.

పెద్ద స్థాయిలో ఇది ఎలా ఉంటుందో చూడాలంటే ఈఎస్‌నెట్ ఆరో తరాన్ని చూడండి. 2022లో ప్రారంభమైంది. సుమారు 24,000 కిలోమీటర్ల ప్రత్యేక ఫైబర్, మొత్తం 46 టెరాబిట్లకు పైగా సామర్థ్యం. యూరప్‌లో జియాంట్, అమెరికా విశ్వవిద్యాలయాలకు ఇంటర్నెట్2, భారత్‌లో నేషనల్ నాలెడ్జ్ నెట్‌వర్క్ ఇదే కుటుంబంలోవి. మీరు ఒక దానిలో చేరితే వీటన్నిటికీ దారి దొరుకుతుంది, ఎందుకంటే ఇవి ఒకదానితో ఒకటి కలిసి ఉంటాయి. యూరప్ కణ భౌతికశాస్త్ర కేంద్రం సెర్న్‌లోని కణ త్వరణ యంత్రం డేటా సుమారు 40 దేశాల్లో, 170 దాకా ఉన్న కంప్యూటింగ్ కేంద్రాలకు చేరేది ఇలాంటి దారుల మీదే.

ఫైబర్ లేకపోతే ఏమవుతుందో 2017 ఏప్రిల్‌లో బ్లాక్ హోల్‌ను గమనించిన ఈవెంట్ హొరైజన్ టెలిస్కోప్ వాళ్లకు తెలుసు. ఆ పెటాబైట్ల డేటాను హార్డ్ డిస్కుల్లో నింపి విమానాల్లో తెచ్చుకున్నారు. దక్షిణ ధ్రువంలోని టెలిస్కోప్ డిస్కులు మాత్రం అక్కడి చలికాలం పోయి విమానాలు తిరిగేదాకా నెలల తరబడి ఆగిపోయాయి. ఆ చిత్రం ప్రపంచం ముందుకు వచ్చింది 2019 ఏప్రిల్‌లో. ఆలస్యమంతా డిస్కుల వల్లేనని అనను, విశ్లేషణకే చాలా సమయం పట్టింది. కానీ డేటా చేతికి రాకుండా పని పూర్తికాదు కదా.

గాజు మీ చేతిలో ఉంటే ఇంకో లాభం. బిట్లు పంపడం కాకుండా కాంతినే వాడుకోవచ్చు. జర్మనీలో బ్రౌన్‌ష్వైగ్, గార్చింగ్ మధ్య 920 కిలోమీటర్ల ఫైబర్ మీదుగా అణు గడియారపు స్థాయి ఫ్రీక్వెన్సీని పంపి, ఆ ఫలితాన్ని 2012లో ప్రచురించారు. మామూలు టెలికాం యాంప్లిఫయర్లు కాంతిని ఒక దిశలోనే పోనిస్తాయి. ఈ పనికి ఒకే ఫైబర్‌లో రెండు దిశలా కాంతి వెళ్లాలి, కాబట్టి వేరే యాంప్లిఫయర్లు పెట్టాలి. లింక్ అద్దెకు ఇచ్చే కంపెనీని ఇది అడిగిచూడండి, ఎవరూ ఒప్పుకోరు. ఫైబర్ పొడవునా వచ్చే కంపనాలను బట్టి భూకంపాలను గుర్తించే పరిశోధన కూడా ఇలాగే నడుస్తోంది. మీ భౌతికశాస్త్రం, భూగర్భశాస్త్రం విభాగాలను ఒకసారి కదిపి చూడండి. అవసరం మీకు తెలియకుండానే అక్కడ ఉండొచ్చు.

ఇప్పుడు నమ్మకత్వం గురించి ఒక అనుభవం. ఒక సంస్థకు రెండు వేర్వేరు కంపెనీల నుంచి రెండు దారులు ఉన్నాయని అందరూ నిశ్చింతగా ఉన్నాం. ఒక మధ్యాహ్నం రెండూ ఒకే నిమిషంలో పోయాయి. వెళ్లి చూస్తే ఒక వంతెన దగ్గర రెండు కేబుళ్లూ ఒకే డక్ట్‌లో (కేబుళ్లు పోయే గొట్టంలో) ఉన్నాయి. తవ్వకం యంత్రం ఒక్క దెబ్బకు రెండూ తెంపింది. పదకొండు గంటలు మొత్తం క్యాంపస్ చీకట్లో ఉన్నట్టే అయింది. అప్పటినుంచి నేను కంపెనీల పేర్లు అడగడం మానేశాను, మ్యాపులు అడుగుతున్నాను. రెండు ఇన్వాయిస్‌లు ఉంటే రెండు దారులు ఉన్నట్టు కాదు. కేబుల్ ఏ రోడ్డు వెంట, ఏ డక్ట్‌లో, భవనంలోకి ఏ వైపు నుంచి వస్తోందో కాగితం మీద చూపించమనండి.

ఇంతదాకా చెప్పిందంతా మీ గేటు బయటి సంగతి. నా అనుభవంలో పదిలో ఏడు సమస్యలు గేటు లోపలే ఉంటాయి. నెట్‌వర్క్‌లో చేరి కూడా "మాకేం తేడా కనిపించలేదు" అనేవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతింటారు.

ఒక జీవశాస్త్ర విభాగం వాళ్లు జీనోమ్ డేటా దించుకోవడానికి రోజుల తరబడి అవస్థ పడుతున్నారని నన్ను పిలిచారు. బయటి లింక్ బ్రహ్మాండంగా ఉంది. కానీ వాళ్ల సర్వర్ ముందు క్యాంపస్ ఫైర్‌వాల్, అంటే వచ్చే పోయే డేటాను తనిఖీ చేసే పరికరం, ఉంది. దాని మీద 10 గిగాబిట్లని రాసి ఉంది, నిజానికి లోపల చిన్న ప్రాసెసర్లు ఎన్నో కలిసి ఆ పని పంచుకుంటాయి. ఒక్క పెద్ద ధార వస్తే అది ఒక్క ప్రాసెసర్ మీద పడుతుంది, దాని బఫర్ నిండిపోతుంది, ప్యాకెట్లు పోతాయి. వేలమంది విద్యార్థుల బ్రౌజింగ్‌కు అదే ఫైర్‌వాల్ చక్కగా సరిపోతోంది. డేటా బదిలీ సర్వర్‌ను దాని వెనక నుంచి తీసి, అంచు రౌటర్ (క్యాంపస్‌ను బయటి లింక్‌తో కలిపేది) పక్కన వేరుగా పెట్టాం. బయటివాళ్లలో ఎవరు, ఏ పోర్టుకు రావచ్చో రౌటర్ మీదే నియమాలు రాశాం. వారం పట్టే బదిలీ ఆ రాత్రికి పూర్తయింది.

ఈ అమరికనే సైన్స్ డీఎంజెడ్ అంటారు, ఈఎస్‌నెట్ వాళ్లు పెట్టిన పేరు. మీ సెక్యూరిటీ బృందానికి దీని పేరు చెప్పగానే టెన్షన్ మొదలవుతుంది. వాళ్ల భయాన్ని కొట్టిపారేయకండి. అది భద్రత తీసేయడం కాదని, ఒకే పని చేసే సర్వర్‌కు దానికి తగిన కాపలా పెట్టడమని కూర్చుని వివరించండి. ఆ సర్వర్‌లో ఈమెయిల్, బ్రౌజర్, వెబ్‌సైట్ ఏవీ ఉండకూడదు. డేటా బదిలీ సాఫ్ట్‌వేర్ ఒక్కటే ఉండాలి. ఈ క్రమశిక్షణ పాటిస్తామని రాసిస్తే వాళ్లు ఒప్పుకోవడం నేను చూశాను.

ఆ సర్వర్ సెట్టింగులు కూడా చూసుకోవాలి. 10 గిగాబిట్ల వేగంతో 100 మిల్లీసెకన్ల దూరానికి పంపేటప్పుడు ఏ క్షణంలోనైనా 125 మెగాబైట్ల డేటా దారిలో ఉంటుంది. టీసీపీ బఫర్ అంతకు తక్కువగా ఉంటే ఎంత గొప్ప ఫైబర్ ఉన్నా వేగం రాదు. డిస్కులు ఆ వేగంతో రాయగలవో లేదో కూడా పరీక్షించండి.

గేటు లోపల చూసుకోవాల్సిన మూడోది రౌటింగ్, అంటే దారి ఎంపిక. రెండు లింకులు ఉన్నప్పుడు ఏ దారిన వెళ్లాలో, నెట్‌వర్క్‌లు ఒకదానికొకటి దారులు చెప్పుకునే బీజీపీ అనే పద్ధతి నిర్ణయిస్తుంది. మీరు మీ ఇంటర్నెట్ అడ్రస్‌లను కంపెనీ వైపు చిన్న చిన్న బ్లాకులుగా, పరిశోధన నెట్‌వర్క్ వైపు ఒకే పెద్ద బ్లాకుగా ప్రకటిస్తే, రెండు ప్రకటనలూ అందిన చోటల్లా చిన్న బ్లాకే గెలుస్తుంది. డేటా కంపెనీ దారిన వస్తుంది, కొత్త లింక్ ఖాళీగా పడి ఉంటుంది. ఒకచోట ఎనిమిది నెలలు అలాగే ఉండిపోయింది, ఎవరూ గమనించలేదు. రెండు వైపులా ఒకే బ్లాకులు ప్రకటించండి, బయటికి వెళ్లేటప్పుడు పరిశోధన దారికి ప్రాధాన్యం ఇవ్వండి. ఆ తర్వాత అవతలి సంస్థ వాళ్లను మీ వైపు ట్రేస్‌రూట్ (డేటా ఏయే చోట్ల మీదుగా వెళ్తోందో చూపే పరీక్ష) చేయమని అడగండి. మీ వైపు నుంచి చేస్తే సగం దారే తెలుస్తుంది.

ఎడ్యురోమ్ అనే వైఫై సేవ గురించి రెండు మాటలు. మీ విద్యార్థి తన సొంత విశ్వవిద్యాలయపు లాగిన్‌తో వందకు పైగా దేశాల్లోని క్యాంపస్‌లలో వైఫై వాడుకోవచ్చు. దీనికి 10 గిగాబిట్ల లింక్ అక్కర్లేదు. అయినా చాలా చోట్ల ఈ సేవ అందేది ఇలాంటి నెట్‌వర్క్ సంస్థ ద్వారానే. విద్యార్థులకు కంటికి కనిపించే మొదటి లాభం ఇదే.

మరి ఎవరికి అక్కర్లేదు? మీ దగ్గర పని అంతా తరగతుల వీడియోలు, ఈమెయిల్, క్లౌడ్ సేవలు అయితే, ఇప్పుడున్న లింక్ చాలు. వేగం కోసం మాత్రం చేరకండి. అలాగే, చేరినా కంపెనీ లింక్ వెంటనే తీసేయకండి. కొన్ని పరిశోధన నెట్‌వర్క్‌లు మిగతా ఇంటర్నెట్‌కు దారి ఇవ్వవు, ఇచ్చినా వాడుకకు షరతులు పెడతాయి. ప్రతిపాదనలో ఆ పేజీ జాగ్రత్తగా చదవండి.

సంతకం పెట్టేముందు ఒక పని చేయండి. పర్ఫ్‌సోనార్ అని దారిలో వేగం, నష్టం కొలిచే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఒక చిన్న సర్వర్‌లో పెట్టుకోవచ్చు. ప్రపంచవ్యాప్తంగా పరిశోధన సంస్థలు దీన్నే వాడతాయి. మీ అంచు రౌటర్ పక్కన ఒకటి, జీవశాస్త్రమో భౌతికశాస్త్రమో డేటా ఎక్కువగా వాడే విభాగంలో ఒకటి పెట్టండి. మీ పరిశోధకులు ఏ దూరపు సంస్థతో పనిచేస్తారో, అక్కడి పర్ఫ్‌సోనార్‌కు ఈ రెండింటి నుంచీ వారం రోజులు పరీక్షలు నడపండి. వంద పింగ్‌లు (అవతలి యంత్రం జవాబిస్తోందా అని చూసే చిన్న ప్యాకెట్లు) పంపి "నష్టం సున్నా" అనుకోవద్దు. లక్షకు ఒక్కటి పోయే జబ్బు వంద పింగ్‌లలో కనిపించదు. అంచు నుంచి బాగుండి విభాగం నుంచి బాగోలేకపోతే ముందు క్యాంపస్ లోపల బాగుచేయండి. రెండు చోట్ల నుంచీ బాగోలేకపోతే, అవతలి సంస్థ వైపు కూడా తప్పు లేదని వాళ్లతో మాట్లాడి తేల్చుకున్నాక, కొత్త లింక్ ఎందుకు కావాలో మీ పాలకమండలికి చూపించడానికి ఆ గ్రాఫే సరిపోతుంది. గ్రాఫ్ వచ్చాక ఇక్కడే పెట్టండి, చూసి నాకు తోచింది చెప్తాను.